ఒక న్యూస్‌లెటర్‌కి పది రీల్స్ అక్కర్లేదు

ఈ మధ్య ఎవరు కలిసినా నాకిచ్చే సలహా ఒకటే. "మీ న్యూస్‌లెటర్ బాగుంటుంది మేడం, కానీ ఇప్పుడు చదివే ఓపిక ఎవరికుంది? ఒక్కో ఇష్యూ నుంచి పది రీల్స్ తీయొచ్చు. మ్యాటర్ ఎలాగూ రెడీగా ఉంది, ముక్కలు చేస్తే చాలు." పోయిన నెల మాదాపూర్‌లో ఒక ఏజెన్సీ వాళ్లు ఈ మాట చెప్పి ఊరుకోలేదు. నా పాత ఇష్యూ ఒకటి తీసుకుని శాంపిల్ రీల్ చేసి వాట్సాప్‌లో పంపారు. ఆ నిమిషం వీడియో చూశాక ఈ విషయం మీద నా అభిప్రాయమేమిటో నాకే స్పష్టంగా తెలిసింది. అందుకే ఈ పోస్టు.

నేను రాసేది హైదరాబాద్ నీళ్ల గురించి. చెరువులు, కుంటలు, నాలాలు, తూములు. నా ఇష్యూలను నేను ఉత్తరాలంటాను. వాళ్లు ఎంచుకున్నది 1908 మూసీ వరద మీద రాసిన ఉత్తరం. రీల్ ఇలా మొదలైంది: "ఒక్క చింతచెట్టు 150 మంది ప్రాణాలు కాపాడింది. ఎక్కడో తెలుసా?" వెనక డప్పుల మోత. తర్వాత ఉస్మానియా ఆసుపత్రి ఫొటో, చెట్టు ఫొటో, మధ్యలో ఎక్కడివో సముద్రపు అలలు, చివర ఫాలో అవ్వమని ఒక మాట. "చెరువు కట్టలు తెగాయి" అన్నచోట తెర మీద పడింది ఏదో విదేశంలోని కాంక్రీట్ డ్యామ్. మన చెరువు కట్ట ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఆ బొమ్మ చూడగానే ప్రాణం ఉసూరుమంటుంది. మట్టికట్ట, నీటివైపు రాతి పరుపు, పైన తాటిచెట్లు, ఒక పక్క కట్టమైసమ్మ గుడి. అది కదా తెగేది.

ఆ రీల్‌లో అబద్ధమేమీ లేదు. చెట్టు నిజం, ఇప్పటికీ ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. దాన్నెక్కి సుమారు 150 మంది బతికారన్నదీ నిజమే. కానీ నా ఉత్తరంలో చెట్టుకున్న చోటు రెండు వాక్యాలు. ఉత్తరం రాసింది చెట్టు కోసం కాదు, 221 అనే అంకె కోసం.

వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించి కారణం తేల్చమన్నారు. ఆయన లెక్క తీస్తే మూసీ పరివాహకంలో 788 చెరువులున్నాయి. చదరపు మైలుకు దాదాపు ఒకటి. ఆ సెప్టెంబరు వానకు వాటిలో 221 తెగిపోయాయి. ఈసీ నది వైపు 182, మూసీ వైపు 39. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాల వాన పడిన మాట వాస్తవమే, కానీ నగరాన్ని ముంచింది ఆ వాన ఒక్కటే కాదు. పై చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి. అది తట్టుకోలేక తెగితే దాని కింది దాని మీద. ఇలా గొలుసు మొత్తం ఒకదాని వెంట ఒకటి ఊడి వచ్చి సెప్టెంబరు 28న అఫ్జల్‌గంజ్ మీద పడింది. పైన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలన్న ఆలోచన ఈ లెక్కలోంచే పుట్టింది. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే.

2020 అక్టోబరులో బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ మునిగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ 221. చెట్టు కాదు.

రీల్ చేసిన కుర్రాడిని ఇదే అడిగాను. "చెరువుల సంగతి తీసేశారేం?" పాపం, నిజాయితీగానే చెప్పాడు. "మేడం, ఫస్ట్ మూడు సెకన్లలో హుక్ పడాలి. 221 చెరువులకు హుక్ ఎక్కడుంది? చెట్టంటే ఆగి చూస్తారు." అతని పనిలో అతను చెప్పింది కరెక్టే. హుక్ కోసం వెతికే కంటితో నా ఉత్తరం ఎన్నిసార్లు చదివినా చెట్టే దొరుకుతుంది. లేదా నిజాం మహబూబ్ అలీ ఖాన్ మూసీ ఒడ్డుకు వచ్చి పట్టుచీర సమర్పించి శాంతించమని వేడుకున్నాడని జనం చెప్పుకునే కథ దొరుకుతుంది. పది ముక్కలు చేస్తే పదింటిలోనూ ఇలాంటివే వస్తాయి. ఎందుకు మునిగింది అన్న ప్రశ్న పదకొండో ముక్కలో కూడా ఉండదు. ఎందుకంటే దానికి ముందొక మాట, వెనకొక మాట కావాలి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. న్యూస్‌లెటర్‌ను రీల్స్‌గా కుదించకూడదు. అందులో కంటితో చూస్తే తప్ప అర్థం కానిది ఏదైనా ఉంటే, ఆ ఒక్కదాన్ని తీసి వీడియో చేయాలి. అలాంటిది లేకపోతే ఆ ఇష్యూకి వీడియో చేయకూడదు. నెలకు ఇన్ని పోస్టులని లెక్క పెట్టుకుని చేసే పనికీ దీనికీ పొత్తు కుదరదు.

కత్తెరలో పోయే వాక్యాలు

మామూలు విషయమైతే ఇంత పట్టుబట్టేదాన్ని కాదు. వంటల గురించో సినిమాల గురించో రాసేవాళ్లు రీల్ చేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. పోపు ఎలా వేయాలో నిమిషంలో చూపించొచ్చు, నిజానికి రాసి చెప్పడం కంటే అదే నయం. నా భయం వేరే రకం రాతల గురించి. నీళ్లు, భూమి, మందులు, పన్నులు, చట్టాలు. వీటిలో అసలు విషయమంతా "ఫలానా సందర్భంలో తప్ప", "ఇంత లోపు ఉంటే", "అప్పటికి అనుమతి ఉంటే" లాంటి ముక్కల్లో ఉంటుంది. ఎడిటింగ్‌లో ముందు ఎగిరిపోయేవి అవే.

2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల హద్దుల మీద ఒక ఉత్తరం రాశాను. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత. బఫర్ అంటే ఆ గీత బయట వదలాల్సిన జాగా. చెరువు 10 హెక్టార్లు, ఆ పైన ఉంటే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. ఎఫ్‌టీఎల్ లోపల కూడా శిఖం పట్టాలుంటాయి. అక్కడ భూమి మీద హక్కుంటుంది, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టడానికి మాత్రం వీల్లేదు. ఈ మూడూ విడివిడిగా చెప్పడానికే ఉత్తరంలో సగం పట్టింది.

ఆ ఉత్తరంలో నేను వేసిన మ్యాప్‌ను ఒక సోషల్ మీడియా పేజీ వాళ్లు తీసుకుని రీల్ చేశారు. నన్ను అడగలేదు, అది పెద్ద విషయం కాదు. మ్యాప్‌లో ఎఫ్‌టీఎల్ గీత ఒక రంగు, బఫర్ గీత ఒక రంగు. వాళ్లు రెండూ కలిపి ఎర్రగా నింపేసి "చెరువులో కట్టిన ఇళ్లు ఇవే" అని రాశారు. రెండు రోజుల తర్వాత ఆ కాలనీ నుంచి ఒకావిడ నాకు ఫోన్ చేశారు. బ్యాంకు లోను పెట్టి కొన్న ఇల్లు, రిజిస్ట్రేషన్ కాగితాలు, పర్మిషన్ కాగితాలు అన్నీ చేతిలో ఉన్నాయి. ఇల్లు పడిన చోటు చూస్తే బఫర్ అంచు. "అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ వీడియో తిరుగుతోందండీ. పైపోర్షన్‌లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తామంటున్నారు. మా ఆయన రాత్రి నిద్రపోవడం లేదు. మీరు రాసిన దాంట్లో ఉందట కదా?" అని అడిగారు. ఉత్తరం లింకు పంపాను. ఆమె మొత్తం చదివి, తన ప్రశ్నలు రాసుకుని మళ్లీ ఫోన్ చేశారు. ఏ ఆఫీసుకు వెళ్లి ఏ మ్యాప్ అడగాలో మాట్లాడుకున్నాం. ఆమెకు పనికొచ్చింది ఉత్తరమే. కానీ గ్రూపులో ఉన్న మిగతా వాళ్లెవరూ అది చదవలేదు, రీలే చూశారు.

ఆ రీల్‌లో బఫర్ అన్న ఒక్క వాక్యం కలిపితే ఎంత, ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లలో జనం వేరే వీడియోకు వెళ్లిపోతారని తీసేశారు.

మరి చదవనివాళ్ల మాటేమిటి

ఇక్కడ నా వాదనకు గట్టి అడ్డంకి మా ఇంట్లోనే ఉంది. మా అక్క కూతురు ఇంజినీరింగ్ చదువుతోంది. ఇంట్లో గలగలా తెలుగే మాట్లాడుతుంది, చదవడం రాదు. స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ హిందీ. రాష్ట్రంలో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చేసరికే తను పై తరగతుల్లోకి వెళ్లిపోయింది. ఈ నగరంలో ఇలాంటి పిల్లలు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. "పిన్నీ, నువ్వు రాసేది నా ఊరు గురించి. నాకేమో ఒక్క ముక్క తెలీదు. వీడియో వద్దంటే నేనెట్లా తెలుసుకోవాలె?" అని నిలదీసింది. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. చదువురాని పెద్దవాళ్ల సంగతీ అంతే. మూసీ ఒడ్డున తరాలుగా ఉన్నవాళ్లలో చాలామందికి నా ఈమెయిల్ ఎప్పటికీ అందదు, వాళ్ల ఫోన్లలో మాత్రం రోజంతా షార్ట్స్ ఆడుతూనే ఉంటాయి.

పైగా రాసింది గొప్ప, చెప్పింది తక్కువ అనడానికి తెలుగువాళ్లకు నోరు రాకూడదు. మనకు పురాణాలు చేరింది చదివి కాదు, విని. కాకపోతే ఆ వినడం ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. ప్రవచనం చెప్పేవారు ఒక్క పద్యం పట్టుకుని గంటసేపు విప్పి చెప్తారు. హరిదాసు అసలు కథ ఆపి పిట్టకథ చెప్పి మళ్లీ వెనక్కి వస్తాడు. అంటే రాత నోటికి వచ్చేటప్పుడు మన దగ్గర పెరిగింది, తగ్గలేదు. బుర్రకథలో అయితే కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెప్తారు, ఒకరు లోకం సంగతులు ఎత్తుకుంటారు. కథ మధ్యలో ఆపి "అదెట్లా?" అని జనం అడగాల్సిన ప్రశ్న వాళ్లే అడిగేస్తారు. ఇప్పటి రీల్‌లో లేనిది ఆ పక్కమనిషి. ఒకే గొంతు, ఊపిరి ఆడనివ్వకుండా, అనుమానమన్నదే లేకుండా చెప్పుకుపోతుంది.

కాబట్టి వీడియో మీద నాకు కోపం లేదు. చెప్పే పద్ధతి మీదే పేచీ. నిడివి కూడా అసలు సమస్య కాదనిపిస్తుంది. షార్ట్స్‌కు 2024 అక్టోబరు నుంచి 3 నిమిషాల దాకా వీలుంది, తర్వాత కొద్ది నెలల్లో రీల్స్‌కూ అంతే ఇచ్చారు. అయినా ఎక్కువమంది నిమిషం దాటరు, దాటినా అదే ఊపుతో పరిగెడతారు.

వ్యూస్ గురించి కాసేపు

"మీ న్యూస్‌లెటర్ ఎంతమంది ఓపెన్ చేస్తారు, రీల్ ఎంతమంది చూస్తారు, పోల్చుకోండి" అంటారు. పోల్చడానికి ఆ రెండు అంకెలూ నమ్మకమైనవి కావు. యూట్యూబ్ 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, ఒక్క వ్యూ వేస్తోంది. ఎన్ని సెకన్లు చూశారన్న షరతు లేదు. వేలు పైకి జరిపే లోపే లెక్కలో పడిపోతాం. ఈమెయిల్ వైపు కూడా గొప్పలు చెప్పుకోవడానికి లేదు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన మార్పు వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు నమోదవుతుంది. అందుకే నేను ఓపెన్ రేట్ చూడడం మానేశాను. జవాబులు చూస్తాను.

జవాబుల్లో తేడా మాత్రం కళ్లకు కడుతుంది. 1908 ఉత్తరానికి నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మూడు పేజీల మెయిల్ రాశారు. చెరువు తెగడానికి ముందు అలుగు దగ్గర, అంటే మిగులు నీళ్లు పొర్లే చోట, నీళ్ల రంగు ఎలా మారుతుందో, కట్ట లోపలినుంచి ఊట మొదలైతే గట్టు కింద మట్టి ఎలా మెత్తబడుతుందో, రాత్రిపూట లాంతరు పట్టుకుని కట్ట మీద నడిచిన రోజుల్లో ఏం వినేవారో వివరంగా రాశారు. ఆ మెయిల్ మీదే ఇంకో ఉత్తరం రాయగలిగాను. ఏజెన్సీ రీల్ వాళ్ల పేజీలో పెడితే కింద వచ్చినవి "లొకేషన్ ప్లీజ్", దండం బొమ్మలు, నిజాం మంచివాడా చెడ్డవాడా అని తిట్ల దండకం.

రీల్ చూసినవాళ్లు ఆసక్తి పుట్టి ఉత్తరం దాకా వస్తారని ఇంకో ఆశ చూపిస్తారు. ఇన్‌స్టాలో క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే పనిచేయదు. యూట్యూబ్ కూడా 2023 ఆగస్టు చివరి నుంచి షార్ట్స్ వివరణలోనూ కామెంట్లలోనూ లింకులు పనిచేయకుండా చేసింది. తలుపు వాళ్లే మూశారు, మనం వాకిట్లో ముగ్గులు పెడుతూ కూర్చోవాలా? 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆగిపోయిన రాత్రి ఎంతమంది తెలుగువాళ్లు తమ జనాన్నంతా ఒక్కసారిగా పోగొట్టుకున్నారో చూశాం. నా దగ్గరున్న ఈమెయిల్ అడ్రసుల జాబితా ఒక ఫైలు. కంపెనీ ఏదైనా మూతపడితే అది పట్టుకుని ఇంకోచోటికి వెళ్తాను.

అలుగు నుంచి గోడ దాకా

మా అక్క కూతురుతో మాట్లాడి మాట్లాడి చివరికి ఒక పందెం లాంటిది వేసుకున్నాం. నా ఉత్తరాల్లో తనకు కళ్లతో చూపించాల్సింది ఒక్కటి నేను ఎంచాలి, దాన్ని తను తీయాలి. మాటలు తక్కువ ఉండాలి. నేను ఎంచింది మా ఇంటికి దగ్గర్లోని చెరువు అలుగు. దాని గురించి ఒక ఉత్తరంలో మూడు పేరాలు రాశాను. చెరువు నిండితే మిగులు నీళ్లు అలుగు మీదుగా దూకి, వాగులోంచి కింది చెరువుకు పోవాలి, ఇప్పుడా దారి లేదు అని. చదివినవాళ్లు "అయ్యో" అన్నారు కానీ నా రాతతో వాళ్లకు బొమ్మ కట్టలేదని జవాబులు చూస్తే తెలిసింది.

తను వాన వెలిసిన ఒక పొద్దున అలుగు రాళ్ల దగ్గర నిలబడి ఫోన్ నడుము ఎత్తులో పట్టుకుని నడక మొదలుపెట్టింది. నీళ్లు రాళ్ల మీంచి జారుతున్నాయి. వాటి వెంటే నడిచింది. మొదట కాలవ తన రెండు చేతులు బార చాపినా అందనంత వెడల్పు. ఇరవై అడుగులు వేసేసరికి ఒక పక్క ఫెన్సింగ్ రాళ్లు. ఇంకాస్త ముందుకు పోతే సిమెంటు రోడ్డు కింద రెండు గొట్టాలు, ఒకటి ప్లాస్టిక్ కవర్లతో పూడిపోయింది. గొట్టాల అవతల కాలవ అడుగున్నర. ఇంకో మలుపు తిరగగానే ఎదురుగా కాంపౌండ్ గోడ. గోడ కింద ఇటుకలు రెండు తీసి వదిలిన కన్నం, అందులోకి నీళ్లు సుడి తిరుగుతూ వెళ్తున్నాయి. వీడియో అక్కడ ఆగింది. మధ్యలో ఎక్కడా కోత లేదు. నీళ్ల చప్పుడు, తన చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేవు. చివర్లో తను ఒక్క మాట అడుగుతుంది: "పిన్నీ, ఇప్పుడీ నీళ్లు ఎక్కడికి పోతయి?" నేను వెనకనుంచి "ఆ ఇళ్లలోకి" అంటాను.

అది నా మూడు పేరాల సారాంశం కాదు. నా మూడు పేరాలు చేయలేని పని. ఆ వీడియోకు పెద్దగా వ్యూస్ రాలేదు. కానీ కాలనీ సంఘం వాళ్లు అది చూసి, ఆ గొట్టాలు ఎవరు వేశారో కనుక్కునే పనిలో పడ్డారు. అలాంటి దారి ఇంకో రెండు చెరువుల దగ్గర తీయమని పాఠకులే చిరునామాలు పంపారు.

చదవడం రాదన్న తన అసలు ఫిర్యాదుకు మాత్రం ఈ వీడియో జవాబు కాదు కదా. ఆ జవాబు తనే చెప్పింది. "నువ్వు మొత్తం ఉత్తరం చదివి రికార్డు చేసి పంపు, నేను మెట్రోలో వింటా." నేను నమ్మలేదు. నిమిషానికి వంద మాటల చొప్పున నింపాదిగా చదివితే ఒక్కో ఉత్తరం పావుగంట దాటుతుంది. తను మియాపూర్‌లో ఎక్కి ఎల్బీనగర్ దాకా వెళ్తుంది. పావుగంట తనకొక లెక్క కాదు. బఫర్ ఉత్తరం ఆగకుండా వినేసి, 30 మీటర్లు ఎక్కడినుంచి కొలుస్తారని మెసేజ్ పెట్టింది. అదీ అసలు అడగాల్సిన ప్రశ్న. చదవడం రాకపోవడమూ ఓపిక లేకపోవడమూ ఒకటేనని మనం అనుకుంటున్నాం. ఆ పిల్లలకు లిపి రాదు, అంతే. వాళ్లకు వినే శక్తి నిండుగా ఉంది. నిమిషం మించి వినరని వాళ్ల తరఫున నిర్ణయించేసింది మనం.

అందుకే ఇకనుంచి ప్రతి ఉత్తరం పైన నా గొంతుతో ఆడియో ఉంటుంది. చదివేటప్పుడు మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగే పని తను చేస్తానంది. వీడియో అన్ని నెలలూ రాదు.

వచ్చే ఉత్తరం జంట జలాశయాల గేట్ల గురించి. హిమాయత్‌సాగర్‌కు 17, ఉస్మాన్‌సాగర్‌కు 15. ఏవి ఎన్ని అడుగులు ఎత్తితే నీళ్లు పురానాపూల్ దగ్గరికి ఎంతసేపటికి వస్తాయన్నది లెక్కల వ్యవహారం, అది రాసే చెప్తాను. 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్టాండులోకి మూసీ వచ్చిన రాత్రి నీటిమట్టం ఎలా పెరిగిందో మాత్రం చూపించాలని ఉంది. ఆ రాత్రి చాదర్‌ఘాట్ వంతెన మీదనుంచో బస్టాండు లోపలినుంచో మీరు ఫోన్‌లో తీసినది ఉంటే, కత్తిరించకుండా, పాట కలపకుండా, ఎన్ని గంటలకు తీశారో రాసి పంపండి.